మూడు పందిళ్లు, ఒక్క మనిషి

కలకత్తా వెళ్లివచ్చానంటే తెలిసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, హౌరా వంతెన చూశావా అని. చూశాను. రెండో ప్రశ్న, రసగుల్లాలు తెచ్చావా అని. తెచ్చాను, డబ్బా మూత వదులై పాకమంతా సంచిలోని చొక్కాల మీద కారింది. ఏం విన్నావు అని మాత్రం ఎవరూ అడగలేదు. నేను అంత దూరం వెళ్లింది వినడానికే. అందుకని, అడక్కపోయినా చెబుతున్నాను.

చలికాలంలో ఆ ఊళ్లో సంగీతోత్సవాలు చాలా జరుగుతాయి. నేను వెళ్లినది సాల్ట్ లేక్ అనే పేటలో మూడు రోజులు జరిగింది. ఒకే మైదానంలో మూడు పందిళ్లు వేసి, మధ్యాహ్నం నుంచి రాత్రి ఎనిమిదిదాకా మూడింటిలోనూ ఒకేసారి కచేరీలు పెడతారు. ఒకచోట కూర్చుంటే రెండుచోట్ల వినడం పోయినట్టే. మా రాజమండ్రిలో సభవాళ్లు ఏడాదికి ఆరు కచేరీలు పెట్టి, ఆరింటికీ జనం రాలేదని బాధపడతారు. అక్కడి బాధ వేరు. వచ్చినవాడికి ఎటు వెళ్లాలో తెలియదు.

నేను ముప్ఫై మూడేళ్లు దినపత్రికల్లో పనిచేశాను. డెస్కు పని. సంగీత సభల సమీక్షలు కూడా నా మీదే పడ్డాయి, ఆఫీసులో ఇంకెవరూ వెళ్తామనకపోవడం వల్ల. సభవాళ్లు పాసు ఒక్కటే ఇచ్చేవారు. ఇంట్లో ఇంకొకరు లేరు కాబట్టి నాకూ ఒక్కటే చాలేది. కచేరీ ఆరున్నరకు మొదలైతే పేజీ ఎనిమిదిన్నరకు మూసేసేవారు. ఏడుంబావుకల్లా నేను చెప్పులు వెతుక్కోవలసిందే. ముప్పావుగంట విని, మిగతాది విద్వాంసుడు పాడబోయే పాటల జాబితా చూసి రాసేవాణ్ణి. 'మంగళంతో కచేరీ ముగిసింది' అని ధైర్యంగా రాయవచ్చు, ఏ కచేరీ అయినా మంగళంతోనే ముగుస్తుంది గనక.

రిటైరయ్యాక ఒకరోజు ఊరికే కూర్చుని ఆలోచిస్తే, నేను చివరిదాకా విన్న కచేరీ ఒక్కటీ గుర్తు రాలేదు. ఆ ఉత్సవంలో ఒక వృద్ధ సరోద్ విద్వాంసుడు వాయిస్తున్నాడని అప్పుడే తెలిసింది. ఆయన్ని ఇరవై ఏళ్లు రేడియోలో విన్నాను. ఆ ఒక్క కచేరీ మొదటినుంచి చివరిదాకా కూర్చుని వినాలనిపించింది. టిక్కెట్టు తీశాను.

భవానీపూర్

లాడ్జి భవానీపూర్‌లో, మెట్రో స్టేషన్‌కి నాలుగడుగుల దూరంలో. గదికి రోజుకు నూట ఎనభై. వేడినీళ్ల బకెట్టు ఐదు రూపాయలు. కింద గదుల్లో మేనేజరు బిమల్ దా కాపురం. 'దా' అంటే అన్నగారు. ఆ ఊళ్లో ఎంత పెద్దవాణ్ణయినా, ఎంత చిన్నవాణ్ణయినా పేరు చివర దా తగిలించి పిలిస్తే పని జరుగుతుంది. మన 'గారు'లో కొంచెం దూరం ఉంటుంది. 'దా'లో అది లేదు.

కార్యక్రమాల కాగితం బెంగాలీలో ఉంది. నాకు రాదు. బిమల్ దా కళ్లజోడు పెట్టుకుని చదివి హిందీలో చెబుతుంటే నేను వెనకవైపు తెల్లకాగితం మీద గీతలు గీసుకున్నాను. పత్రికలో పేజీకి డమ్మీ వేసే అలవాటు నాది. ఏ వార్త పైన, ఏది కింద, దేనికి ఎన్ని కాలాలు అని ముందే గీసేస్తాం. అలాగే మూడు రోజులనూ మూడు పేజీలుగా గీశాను. సరోద్‌కి మూడో రోజు పేజీ పైభాగం మొత్తం ఇచ్చాను. మిగిలినవాళ్లకి తలా అరగంట.

బిమల్ దా ఆ డమ్మీ చూసి పెన్సిలు లాక్కున్నాడు.

"ఇతను వద్దు, గొంతు పోయి మూడేళ్లయింది. ఈవిడ తప్పకుండా. ఇతనా? ఇతను మా బావమరిది క్లాస్‌మేటు, అప్పు అడుగుతాడు, ముందు వరుసలో కూర్చోకండి." సగం కొట్టేశాక తలెత్తాడు. "ఒక్కరే వచ్చారా, దాదా?"

"ఒక్కణ్ణే."

"మూడు పందిళ్లు, ఒక్క మనిషి. ఎలా కుదురుతుంది?"

వాళ్లింట్లో ఐదుగురట. పొద్దున్నే టీ దగ్గర కాగితం మధ్యలో పెట్టుకుని గంటసేపు పోట్లాడుకుంటారు. ఎవరు ఏ పందిరికి వెళ్లాలో తేలాక తలో దిక్కూ వెళ్తారు. రాత్రి అన్నాల దగ్గర ఎవరు విన్నది వాళ్లు మిగతావాళ్లకి చెబుతారు. "అలా అన్నీ విన్నట్టే. ఒక్కరే వస్తే ఏదో ఒకటి పోగొట్టుకోవలసిందే."

లేచి వెళ్లబోతుంటే పాత పేపరు ఒకటి చేతిలో పెట్టాడు. చదవడం రాదన్నాను.

"చదవడానికి కాదు, కుర్చీకి. ముందే వెళ్లి పరిచేయండి. టీ తాగి రండి, ఊరంతా తిరిగి రండి, ఎవరూ ముట్టుకోరు. మా ఊళ్లో మనిషిని లేపి కూర్చుంటారేమోగానీ, పేపరు తీసి కూర్చోరు."

మన దగ్గర బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకుంటాం. ఎక్కి చూస్తే తువ్వాలు కింద ఉంటుంది, సీట్లో ఇంకెవరో ఉంటారు. అందుకని బిమల్ దా మాట నమ్మలేదు. పేపరు మాత్రం సంచిలో పెట్టుకున్నాను.

సాల్ట్ లేక్, మొదటి రోజు

సాల్ట్ లేక్‌లో వీధులన్నీ ఒక్కలాగే ఉంటాయి. బ్లాకులకు పేర్లు లేవు, ఇంగ్లీషు అక్షరాలున్నాయి. ఆటోవాడు ఒక అక్షరం దగ్గర దింపాడు, మైదానం ఇంకో అక్షరం దగ్గర ఉంది. ముప్పావుగంట నడిచాను. దారి అడిగిన ప్రతివాడూ ఆగి, శ్రద్ధగా, తప్పు చెప్పాడు.

మైదానంలో జనం మాత్రం చూడముచ్చటగా ఉన్నారు. మనకు చలి అనిపించని చలికి వాళ్లు కోతిటోపీలు, మఫ్లర్లు, శాలువాలు వేసుకుని వచ్చారు. ఫ్లాస్కులో టీ, సంచిలో కమలాపళ్లు. మట్టిచిప్పలో టీ రెండు రూపాయలు. చేపముక్క వేపుడు పన్నెండు. ఆవాల ముద్ద ఘాటుకి నా కళ్లలో నీళ్లు తిరిగితే, పక్కనున్న ముసలావిడ పాట విని ఏడుస్తున్నాననుకుని భుజం తట్టింది.

మనవాళ్లు కచేరీలో తొడ మీద తాళం వేస్తారు, తప్పితే పక్కవాడివంక చూస్తారు. వాళ్లు తాళం వేయరు. కళ్లు మూసుకుని తల ఊపుతారు, బాగున్నచోట గట్టిగా ఊపిరి వదులుతారు. రెండొందలమంది ఒకేసారి ఊపిరి వదిలితే పందిరి గుడ్డ కదిలినట్టుంటుంది.

అన్నీ బాగానే ఉన్నాయి, నా కాళ్లే కుదురుగా లేవు. పాట మొదలై ముప్పావుగంట కాగానే వాటంతటవే లేచాయి. ఎక్కడా పేజీ మూసేయడం లేదు, ఎవరూ నా కోసం ఎదురుచూడటం లేదు. అయినా లేచాను. రెండో పందిట్లోకి వెళ్లాను, అక్కడా అంతే. సాయంత్రానికి ఐదు కచేరీల మొదళ్లు విన్నాను.

రాత్రి గదిలో పడుకుంటే కింద బిమల్ దా వాళ్ల భోజనాలు వినిపించాయి. ఒకరు చెబుతుంటే ఇంకొకరు అడ్డొస్తారు, ఎవరో ఒక ముక్క పాడి చూపిస్తారు, అందరూ 'ఆహా' అంటారు. మధ్యలో గిన్నెల చప్పుడు. పత్రికలో ఉన్నన్నాళ్లూ నాకు ఈ లోటు తెలియలేదు. విన్నది రాసేస్తే తెల్లారేసరికి ఎవరో చదివేవారు. ఇప్పుడు విన్నది విన్నట్టే లోపల ఉండిపోయింది. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

వాట్‌గంజ్

మూడు పూటలు ఆవనూనె తిన్నాక నాలుక మొండికేసింది. మీ తెలుగువాళ్లు వాట్‌గంజ్‌లో ఉంటారు, ఇడ్లీలు దొరుకుతాయి అన్నాడు బిమల్ దా. రెండో రోజు పొద్దున ట్రాము ఎక్కాను.

రేవు గోడల పక్కన ఒక సందు. గోడ మీద ఎర్రరంగు సుత్తీ కొడవలీ, దాని కింద గూట్లో అమ్మవారి పటం, పటానికి పసుపు. సందు మొదట్లో ఒకావిడ ఇడ్లీలు దించుతోంది. నలభై ఏళ్లుంటాయి. నేను నోరు విప్పకముందే, నా పంచె కట్టు చూసి అడిగింది.

"ఏటి బాబూ, తెలుగోరా?"

ఆ 'ఏటి' అన్నమాట చెవిన పడగానే నాకు ఆకలి రెట్టింపైంది. ఆవిడ పేరు రమణమ్మ. తాతల నాడు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన కుటుంబం. ఆవిడ పుట్టిందీ, చదివిందీ ఇక్కడే. నేను పేపర్లో పనిచేసి రిటైరయ్యానని చెప్పాను. ఇడ్లీలు నాలుగు మూడు రూపాయలు. చట్నీ పోపు ఆవనూనెతోనే పెట్టింది. ఏమీ అనకుండా ఎనిమిది తిన్నాను.

నా సంచిలోంచి కార్యక్రమాల కాగితం జారితే రమణమ్మ తీసి చూసింది. చూసి లోపలికి కేకేసింది.

"అయ్యా! ఈ బాబు మన పండగకే ఒచ్చినారు!"

లోపలినుంచి ఒక ముసలాయన గోడ పట్టుకుని వచ్చాడు. రమణమ్మ తండ్రి, అప్పన్న. నలభై ఏళ్లు ఓడల్లో మూటలు మోసినవాడు. రెండు కళ్లలోనూ తెల్లటి పొర. నా ముఖానికి కొంచెం పక్కగా చూస్తూ మాట్లాడాడు.

"ఎలుతురు తెల్లగా అవుపడతాది బాబూ. మనిసైతే అందులో ఒక మరక. సలి ఎల్లినాక పొర కోస్తానన్నాడు డాక్టరు."

ఆయన జముకు వాయిస్తాడు. ఉత్సవంలో ఆయనకి మూడో రోజు, మూడో పందిట్లో, నాలుగున్నరకు అరగంట ఇచ్చారు. జముకు అంటే చూడని పాఠకుల కోసం చెబుతాను. కుంచమంత ఉంటుంది. ఒకవైపు తోలు బిగిస్తారు, తోలు మధ్యనుంచి ఒక నరం లాగి దాని చివర చిన్న పుల్ల కడతారు. కుంచాన్ని చంకలో ఇరికించి, పుల్ల పట్టుకుని నరాన్ని బిగిస్తూ వదులుతూ మీటితే 'జుం జుం' అని పలుకుతుంది, మనిషి మూలిగినట్టూ ఉంటుంది, నవ్వినట్టూ ఉంటుంది. దాని మీద రాత్రంతా కథ చెబుతారు. రమణమ్మ తాళం వేసి వంత పాడుతుంది.

"ఈ కాలనీ దాటి ఎప్పుడూ వాయించనేదు," అన్నాడు అప్పన్న. "ఈ కుర్రనాకొడుకులైతే నవ్వుతారు. మ్యూజియం బాబు ఒకాయన మూడుసార్లు ఒచ్చినాడు. అద్దాల పెట్టిలో ఎడతాడంట, కింద నా పేరు రాస్తాడంట. ఆయనే ఈ పండగోళ్లకి సెప్పి అరగంట ఇప్పించినాడు. నానొక మాట అనుకున్నాను బాబూ. మనకి సంబందం నేని మనుసులు కూకుని ఇన్నారా, సచ్చీదాకా వాయిస్తాను. ఇన్నేదా, ఎల్లుండి ఆయనొచ్చీసరికి మూటకట్టి ఇచ్చీడవే."

"మనోళ్లు ఎవులూ రారు బాబూ," అంది రమణమ్మ. "రెండు ఓడలొచ్చి ఉన్నాయి. అందరికీ డూటీలే. తెలుగోరంటే మీరొక్కరే."

నేను కాగితం వంక చూశాను. నాకు బెంగాలీ రాదు, ఆవిడకి తెలుగు చదవడం రాదు. ఆవిడ పైకి చదువుతుంటే నేను నా డమ్మీతో సరిచూసుకున్నాను. మూడో రోజు, నాలుగు గంటలకి, పెద్ద పందిట్లో సరోద్.

"వస్తాను," అన్నాను.

ముప్ఫై మూడేళ్లు ప్రతి సభ కార్యదర్శికీ ఇదే మాట చెప్పాను. నాలుక మీద ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట. అప్పన్న మాత్రం దాన్ని అలా తీసుకోలేదు. తడుముకుని నా చెయ్యి పట్టుకున్నాడు. అరచెయ్యి పలకలా గట్టిగా ఉంది.

సాల్ట్ లేక్, మూడో రోజు

రెండింటికే వెళ్లి పెద్ద పందిట్లో ఐదో వరుసలో పేపరు పరిచాను. తిరిగివచ్చి చూస్తే నిజంగానే ఎవరూ ముట్టుకోలేదు. బిమల్ దా మాటని అనుమానించినందుకు సిగ్గుపడ్డాను.

సరోద్ ఆయన పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. ఇద్దరు పట్టుకుని వేదిక ఎక్కించారు. కూర్చున్నాక చాలాసేపు శ్రుతి చేసుకున్నాడు. తరువాత ఒక స్వరం మీటి, అది పూర్తిగా ఆరిపోయేదాకా ఆగి, అప్పుడు రెండోది మీటాడు. రేడియోలో ఆ ఆగడం నాకెప్పుడూ వినిపించలేదు. గరగర వినిపించేది.

నాలుగున్నర అయింది. గడియారం చూసుకున్నాను. ముప్ఫై మూడేళ్లు వాటంతటవే లేచిన కాళ్లు ఆవేళ లేవలేదు. నాలుగూ ముప్ఫై ఐదు. ఇంకొక్క స్వరం. నాలుగూ నలభై. అవతల ఎవరో ముసలాయన, ఎవరికీ అక్కర్లేని వాయిద్యం, అరగంట. నేను వెళ్తే ఏమిటి, వెళ్లకపోతే ఏమిటి, ఆయనకు నేనొక మరకను. ఇలా నాకు నేను చెప్పుకుంటూ ఇంకో ఐదు నిమిషాలు కూర్చున్నాను. అరచేతిలో మాత్రం ఆ పలకలాంటి చెయ్యి తగులుతూనే ఉంది. లేచాను.

పక్క కుర్చీలో స్వెట్టరు అల్లుకుంటున్న ఆవిడ, "పేపరు ఉంచండి, మళ్లీ వస్తారుగా," అని సైగ చేసింది. ఉంచాను.

మూడో పందిరి మైదానం చివర, జనరేటరు పక్కన. లోపలికి అడుగుపెట్టి ఆగిపోయాను. రెండొందల కుర్చీలున్నాయి. ప్రతి కుర్చీ మీదా తెల్లగా ఏదో ఒకటి ఉంది. పేపరు, చేతిరుమాలు, మడతపెట్టిన శాలువా. మనిషి మాత్రం ఒక్కడూ లేడు. ఐదింబావుకి అక్కడ కాలేజీ పిల్లలకి ఇష్టమైన బెంగాలీ బ్యాండు ఒకటి వాయించబోతోంది. వాళ్లంతా ముందే జాగాలు పట్టుకుని బయట ఎగ్‌రోల్ బండి దగ్గర నిలబడ్డారు.

వేదిక మీద అప్పన్న వాయిస్తున్నాడు. ముఖం మీద పెద్ద లైటు. తలకి కొత్త పాగా. పక్కన రమణమ్మ తాళం. ఆ ముసలాయన ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకి తల తిప్పుతూ, ప్రతి వరుసకీ విడివిడిగా చెబుతున్నట్టు కథ చెబుతున్నాడు. ఆ పొరల కళ్లకి రెండొందల తెల్లచొక్కాలు, కదలకుండా, మాట్లాడకుండా కూర్చుని ఉన్నాయి.

చివరి వరుసలో ఒక పేపరు పక్కకి జరపబోయాను. బయటినుంచి ఒక కుర్రాడు మర్యాదగానే కేకేశాడు, "దాదా, రాఖా ఆఛే!" అంటే, జాగా పెట్టుకున్నాం అని. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. రాట పక్కన నిలబడ్డాను.

జీవితమంతా మొదళ్లు విని ముగింపులు వదిలేసినవాణ్ణి. ఆవేళ ముగింపు ఒక్కటే దొరికింది. కథ ఆయన సొంతంగా కట్టుకున్నది. ఆయన తండ్రీ, మరో పదిమందీ కళింగపట్నంలో ఓడ ఎక్కి ఈ రేవుకి వచ్చిన కథ.

*పదకొండు మందివోయ్, పడవెక్కినాం*
*ఒడ్డు అవుపడినంతసేపూ ఎనక్కి సూసినాం*

రమణమ్మ వంత అందుకుంది. తరువాత ఆయన ఆ పదకొండు మంది పేర్లూ చెప్పాడు. ఒక్కొక్క పేరుకీ జముకు ఒక్కొక్క రకంగా మూలిగింది. ఓడ కింద పడి పోయినవాడికి ఒక రకం. ఊరికి తిరిగి వెళ్లినవాడికి ఒక రకం. ఇక్కడే ముసలివాడై కన్నుమూసినవాడికి ఒక రకం. నా చేతులు అలవాటుగా పెన్ను తీశాయి. కార్యక్రమాల కాగితం అంచున, నిలబడే, పేర్లు రాసుకున్నాను.

చివరి పేరు మీద ఆయన నరాన్ని వదిలేశాడు. ఆ మోత ఆరిపోతుండగా అవతల పెద్ద పందిట్లో సరోద్‌కి చప్పట్లు మొదలయ్యాయి. మైదానమంతా దాటి వచ్చిన ఆ చప్పట్లు మూడో పందిరిని నింపేశాయి. అప్పన్న జముకుని నుదుటికి ఆనించుకుని, వంగి, కుర్చీలకి దండం పెట్టాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు.

రమణమ్మ నన్ను చూసింది. తరువాత కుర్చీలను చూసింది. మళ్లీ నన్ను చూసి, చాలా కొద్దిగా, వద్దన్నట్టు తల ఆడించింది. ఇంతలో బ్యాండువాళ్ల పెట్టెలు వేదిక ఎక్కాయి. వాళ్లిద్దరినీ వెనకవైపునుంచి పంపించేశారు.

పెద్ద పందిరికి తిరిగి వెళ్లేసరికి జనం బయటికి వస్తున్నారు. సరోద్‌ని గుడ్డలో చుట్టేశారు. ఐదో వరుసలో నా పేపరు ఒక్కటే కూర్చుని ఉంది.

మళ్లీ భవానీపూర్

లాడ్జి మెట్ల దగ్గర బిమల్ దా ఆపాడు. "చివరికి ఏది ఎంచుకున్నారు?" చెప్పాను. సరోద్ ముగింపు పోగొట్టుకున్నారా అని నెత్తి కొట్టుకున్నాడు.

"మా ఆవిడ వింది. రండి, చెబుతుంది."

కింద పీట వేశారు. వేడి అన్నం, మసూర్ పప్పు, వంకాయ చక్రాల వేపుడు. బిమల్ దా భార్య అన్నం కలిపిన చెయ్యి గాలిలో పట్టుకునే సరోద్ చివరి భాగమంతా గొంతుతో పాడి చూపించింది. వేగం పెరిగి పెరిగి ఎక్కడ ఆగిందో అక్కడ చెయ్యి టప్పున దించింది. పప్పు నా చొక్కా మీద చిందింది. అందరూ 'ఆహా' అన్నారు. నేనూ అన్నాను. తరువాత అందరూ నావంక తిరిగారు, మీరేం తెచ్చారు అన్నట్టు. వచ్చీరాని హిందీలో పదకొండు మంది కథ చెప్పాను. చప్పుడు లేకుండా విన్నారు. కుర్చీల సంగతి మాత్రం చెప్పలేదు.

నాలుగో రోజు, వాట్‌గంజ్

రైలు మధ్యాహ్నం. పొద్దున వాట్‌గంజ్ వెళ్లకుండా ఉండలేకపోయాను. వెళ్లేసరికి ఇడ్లీల దగ్గర పదిమంది ఉన్నారు. రాత్రి డ్యూటీ దిగి వచ్చినవాళ్లు. మధ్యలో అప్పన్న, కొత్త పాగా ఇంకా తీయలేదు. ఒడిలో జముకు. మ్యూజియం ఆయన మధ్యాహ్నం వస్తాడు.

"ఎంతమందనుకున్నారు! ఒక్కడు కదిల్తే ఒట్టు. ఒక్కడు దగ్గితే ఒట్టు. అయిపోనాక సప్పట్లు సూడాల, ఆపరు గదా!"

గవర్రాజు అని క్రేను మీద పనిచేసే మనిషి, నోట్లో ఇడ్లీతోనే నవ్వాడు. "ఊరుకో మావా. నీ కళ్లకి నా పెళ్లాం కూడా నాలాగే అవుపడతాది. జనవో, బస్తాలో, ఎవుడికి తెలుసు?"

నవ్వులు. అప్పన్న ముఖం ఎర్రబడింది. అప్పుడే రమణమ్మ నన్ను చూసి, "రండి బాబూ" అంది. ఆ గొంతు వినగానే ఆయన తల ఇటు తిప్పాడు.

"బాబొచ్చినారా? ఈ బాబు పేపరోళ్లు. అబద్దం సెప్పరు. అడగండ్రా. సెప్పండి బాబూ, జనం ఉన్నారా నేదా?"

అందరూ నావంక చూశారు. రమణమ్మ చూడలేదు, ఇడ్లీ రేకులు కడుగుతూనే ఉంది, ఒకే రేకుని మళ్లీమళ్లీ. వినని ముగింపుల గురించి ముప్ఫై మూడేళ్లు కలం ఆగకుండా రాసినవాణ్ణి. విన్న ముగింపు గురించి ఒక్క వాక్యం చెప్పడానికి అంతసేపు పట్టింది.

"నాకు కూర్చోడానికి కుర్చీ దొరకలేదు," అన్నాను. "రాట పక్కన నిలబడే విన్నాను."

గవర్రాజు నమలడం ఆపాడు. నేను కాగితం తీశాను. "ఆలస్యంగా వెళ్లాను పెద్దాయనా, తప్పు నాదే. మొదలు వినలేదు. చివర్లో నువ్వు చెప్పిన పేర్లు మాత్రం రాసుకున్నాను." చదివాను. "సూరయ్య, పోలయ్య, ఎర్రన్న, తవిటయ్య, దాలయ్య..."

"దాలయ్యా?" గవర్రాజు ఆకు కింద పెట్టాడు. "మా తాత పేరు. అందులో ఉందేటి?"

"ఉంది. ఐదో పేరు."

"మా తాత పేరు పాటలో ఉందని నాకెప్పుడూ సెప్పనేదేటి మావా?"

"నువ్వెప్పుడు కూకుని ఇన్నావురా?" అన్నాడు అప్పన్న.

ఎవరూ నవ్వలేదు. గవర్రాజు చేతులు కడుక్కుని వచ్చి ఆయన ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. అప్పన్న జముకుని చంకలో సర్దుకున్నాడు. "రమణమ్మా, మ్యూజియం బాబొస్తే, అద్దాల పెట్టి ఇంకెవులికైనా ఇచ్చీమను. ఒచ్చే యేడు మనకి పెద్ద పందిరే అడగాల." నరం మీటాడు. ఈసారి మొదటినుంచి.

నేను మొదలు వింటూ లేచాను, రైలు ఉంది కాబట్టి. రమణమ్మ ట్రాము దాకా వచ్చింది. ట్రాము గంట వినపడ్డాక అంది:

"మీరు సెప్పింది అబద్దం కాదు గదా బాబూ?"

"కాదమ్మా."

"కాదు. నాను సూసినాను గదా. మీరు నిలబడే ఉన్నారు."

ఇంటికి వచ్చాక

మొన్న మా ఊళ్లో సభ జరిగింది. కొత్త గాయని. టిక్కెట్టు కొనుక్కుని వెళ్లాను. హాల్లో సగానికి పైగా కుర్చీలు ఖాళీ. అయినా పక్క కుర్చీ మీద ఆనాటి పేపరు విప్పి పరిచాను. ఎందుకు పరిచానో అడిగితే చెప్పలేను. ఒకాయన వచ్చి, "ఎవరైనా వస్తారా అండీ?" అని అడిగాడు. వస్తారన్నాను. ఆయన ఇంకో చోట కూర్చున్నాడు.

ముప్పావుగంట అయింది. గంట అయింది. కాళ్లు కదలబోతే పేపరు వంక చూశాను. చివర్లో ఆ అమ్మాయి మంగళం పాడింది. ఇన్నేళ్లూ నేను రాసినట్టే. కాకపోతే, అది ఇంత చిన్నదని నాకు తెలియదు. అందరూ లేచి వెళ్లాక పేపరు మడిచి చంకలో పెట్టుకుని, ఎవరికి చెప్పాలా అని ఆలోచించుకుంటూ ఇంటికి నడిచాను.